‘రక్తంలోనే ఉందట!’

ఏటేటా మన సంచికలో వచ్చే వ్యాసాలు మీకు కొత్తగాదు. నిరుద్యోగం మీద ఒకటి, వరకట్నం మీద ఒకటి, విద్యావిధానం మీద ఒకటి, ప్రేమ మీద నాలుగు. అవి అక్కర్లేదని నేననను. కాని ఈసారి సంపాదకవర్గం మిత్రుడు నన్ను పట్టుకుని "సైన్సు వాళ్ళ తరఫున నువ్వేదైనా రాయాలి" అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా అమ్మ దవడ. నవ్వకండి. చివరిదాకా చదవండి, అప్పటికీ నవ్వొస్తే నవ్వండి.

మాది సాగర్ కుడికాలవ చివరి భూముల్లో ఉన్న పల్లె. నాలుగెకరాల సేద్యం. నీళ్ళొచ్చిన ఏడు వరి, రాని ఏడు మిరపో కందో. మూడేళ్ళ కింద మిరపకోతల రోజుల్లో ఒక సాయంత్రం మా అమ్మ ఆవలించబోతే కుడిచెవి ముందు ‘టక్కు’మని శబ్దమయింది. ఆ రాత్రి నుంచి అన్నం నమలాలంటే నొప్పి. ఆ నొప్పి చెవిలోకి పోయేది, కణతలకు ఎక్కేది. చెవిపోటనుకుని వెల్లుల్లి కాచిన నూనె పోశారు. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు బిళ్ళలిచ్చాడు. తగ్గకపోతే టౌనుకు తీసుకెళ్ళాం. అక్కడొక పళ్ళ డాక్టరు దవడపళ్ళు చెడ్డాయని చెప్పి రెండు పీకాడు. మిరపకాయలమ్మిన డబ్బులో కొంత అక్కడ చెల్లిపోయింది. పళ్ళు పోయాయి గాని నొప్పి పోలేదు.

అసలు సంగతి ఇంకా ఉంది. మా అమ్మమ్మకు కూడా నమిలేటప్పుడు దవడ ఒకపక్కకు జరిగేది. పోయిన ఏడు మా అక్కకు పెళ్ళిచూపులు జరిగాయి. భోజనాల దగ్గర అమ్మ చెయ్యి దవడకానించుకుని మెల్లగా నములుతుంటే పెళ్ళికొడుకు పెద్దమ్మ చూసింది. "ఏం వదినగారూ, పన్ను నొప్పా?" అంది. అమ్మ అమాయకంగా ఉన్నదంతా చెప్పింది. వాళ్ళమ్మకు కూడా ఇట్లాగే ఉండేదని కూడా చెప్పింది. "ఓహో, అయితే రక్తంలోనే ఉందన్నమాట" అంది ఆవిడ. ఆ మాటలో కోపం లేదు, ఎగతాళీ లేదు. ఉత్తినే అన్న మాట. కాని ఆ సంబంధం వాళ్ళు మళ్ళీ కబురు చెయ్యలేదు. కారణం అదేనని నేను చెప్పలేను. జాతకాలు కుదరలేదన్నారు. అయితే ఆనాటినుంచి మా అక్క ఒకటి చేస్తోంది. ఎవరూ లేనప్పుడు అద్దం ముందు నిలబడి, చెవి దగ్గర వేలు పెట్టుకుని, నోరు తెరిచి మూసి చూసుకుంటోంది. శబ్దం వస్తుందేమోనని వింటోంది.

ఇట్లా ఉండగా ఈ ఏడు మా డిపార్టుమెంటులో ఒక పరిశోధన వ్యాసం నా కంటబడింది. రక్తంలోని మెటబొలైట్లకూ దవడ కీలు నొప్పికీ ఉన్న జన్యుసంబంధం గురించి. శీర్షిక చూడగానే నా గుండె జారింది. పెద్దమ్మగారి మాట నిజమేనా? రక్తంలోనే ఉందా? దాన్ని అర్థం చేసుకోవటానికి నాకు రెండు నెలలు పట్టింది. మా మేడమ్‌ను ఎన్నిసార్లు విసిగించానో లెక్కలేదు. అర్థమైందేమిటో, దానిమీద నా అభిప్రాయమేమిటో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు కీలు సంగతి. మీ చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలికింద కదిలేదే దవడ కీలు. డాక్టర్లు దీన్ని టి.ఎం.జె. అంటారు. తలుపు బందులాగా తిరగడమే గాక, బల్ల సొరుగులాగా ముందుకు జారుతుంది కూడా. మధ్యలో మెత్తని బిళ్ళ ఒకటి ఉంటుంది. మాట్లాడినా, నమిలినా, ఆవలించినా పని దానికే. ఆ కీలుకో, దాన్ని కదిలించే కండరాలకో బాధ వస్తే నమిలితే నొప్పి, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, తలనొప్పి, చెవినొప్పి అనిపించే నొప్పి వస్తాయి. అమెరికా ప్రభుత్వ దంత పరిశోధన సంస్థ చెప్పే లెక్క ప్రకారం నూటికి 5 నుంచి 12 మందికి ఈ బాధ ఉంటుంది. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. ఇంకో మాట, ఇది మా అక్క కోసం: నొప్పి లేకుండా ఉత్త శబ్దం మాత్రమే వస్తే అది జబ్బు కాదు. అట్లా శబ్దం వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, దానికి వైద్యం కూడా అక్కర్లేదు.

ఇక రక్తం. మనం తిన్న తిండి, మింగిన మందు, చేసిన కష్టం, పోయిన నిద్ర, అన్నిటి జాడా రక్తంలో ఉంటుంది. ఒంట్లో రసాయనిక చర్యలు జరిగేటప్పుడు పుట్టే చిన్న చిన్న పదార్థాలనే మెటబొలైట్లంటారు. చక్కెర, అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలు, యూరిక్ ఆమ్లం, ఇట్లాంటివి. వీటిని కొలవడం ఒకప్పుడు గగనం. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. బయోకెమిస్ట్రీ ల్యాబులో మనం ఫిస్కే–సుబ్బారో పద్ధతి అని చేసేది అదే. ఆనాడు ఒక్క పదార్థం కొలవడమే ఘనకార్యం. 2023లో ప్రకటించిన ఒక కెనడా అధ్యయనంలో 8,299 మంది రక్తంలో 1,091 మెటబొలైట్లనూ, వాటి మధ్య 309 నిష్పత్తులనూ కొలిచి, వాటి హెచ్చుతగ్గులకు ఏ జన్యువులు కారణమో వెతికారు. సుబ్బారావుగారు చూస్తే ఎంత సంతోషించేవారో!

సరే, దవడ నొప్పి ఉన్నవాళ్ళ రక్తమూ లేనివాళ్ళ రక్తమూ పక్కపక్కన పెట్టి చూస్తే కారణం తెలిసిపోదా? తెలియదు. ఎందుకు తెలియదో రైతు బిడ్డకు చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో డి.ఏ.పి. ఎక్కువ వేసే రైతుకు దిగుబడి ఎక్కువ. అయితే అది డి.ఏ.పి. మహిమేనా? ఎక్కువ వేయగలిగినవాడికి బోరు కూడా ఉంటుంది. బోరున్నవాడికి మంచి నేల కూడా ఉంటుంది. ఏది దేనికి కారణమో ఉత్త చూపుకు తేలదు. దవడ సంగతిలో ఇంకో చిక్కుంది. మా అమ్మ మూడేళ్ళుగా గట్టివేవీ తినలేదు. వేరుశనక్కాయలు, జంతికలు, చెరకు, అన్నీ మానేసి పెరుగన్నం, గంజి, మెత్తటి పప్పు. నొప్పి బిళ్ళలు మింగింది. నిద్ర సరిగా లేదు. ఇవాళ ఆమె రక్తం తీసి చూస్తే నలుగురి రక్తంలా ఉండదు. ఆ తేడా వల్ల నొప్పి వచ్చిందా, నొప్పి వల్ల ఆ తేడా వచ్చిందా?

పొలంలో అయితే దీనికి ఉపాయముంది. వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లో మడులు కట్టి, ఏ మడికి ఏ ఎరువో చీట్లు వేసి నిర్ణయిస్తారు. అప్పుడు మంచి నేలా చెడ్డ నేలా రెండువైపులా కలిసిపోతాయి, మిగిలిన తేడా ఎరువుది. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో పనిచేసిన ఫిషర్ దీన్ని శాస్త్రంగా తీర్చిదిద్దాడు. ఇవాళ కొత్త మందును మనుషుల మీద పరీక్షించేది కూడా ఇదే సూత్రంతో. కాని రక్తంలో ఏదో ఒక పదార్థాన్ని చీట్లు వేసి కొంతమందికి పదేళ్ళపాటు పెంచి ఉంచడం కుదిరే పనేనా?

కుదరదు. అయితే ప్రకృతే ఆ చీట్లు వేస్తోందని కొందరికి తోచింది. తల్లి దగ్గరి రెండు ప్రతుల్లో ఏది బిడ్డకు వస్తుందో, తండ్రి దగ్గరి రెంటిలో ఏది వస్తుందో అంతా లాటరీ. ఈ లాటరీ నియమాన్ని బఠాణీ మొక్కల్లో కనిపెట్టి 1866లో అచ్చువేసిన మెండెల్ కూడా రైతు బిడ్డే. ఒక జన్యువు వల్ల ఫలానా పదార్థం కొందరి రక్తంలో పుట్టుకనుంచీ కాస్త ఎక్కువ ఉంటుందనుకోండి. వాళ్ళను బోరున్న రైతులని ఎవరూ ఏరలేదు, చీటీయే ఏరింది. నొప్పి వచ్చాక ఆ జన్యువు మారిపోదు గూడా. కాబట్టి ఆ జన్యువున్నవాళ్ళకు జబ్బు ఎక్కువ వస్తే, ఆ పదార్థం కారణమని అనుమానించటానికి ఆధారం దొరికినట్టే. 1986లో కటాన్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు కొలెస్టరాలుకూ క్యాన్సరుకూ సంబంధం తేల్చటానికి ఈ దారి సూచించాడు. 2003లో డేవీ స్మిత్, షా ఇబ్రహీం దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు. మెండెలియన్ ర్యాండమైజేషన్ అని పేరు.

ఇది ఉత్త కాగితాల మీది తమాషా కాదు. మంచి కొలెస్టరాలనే హెచ్.డి.ఎల్. ఎక్కువ ఉన్నవాళ్ళకు గుండెపోటు తక్కువని చాలాకాలంగా తెలుసు. అయితే హెచ్.డి.ఎల్. పెంచే మందిస్తే చాలు గదా అనుకున్నారు. అట్లాంటి టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్.డి.ఎల్.ను బాగానే పెంచింది. కాని అది వాడినవాళ్ళలో మరణాలు ఎక్కువవటంతో 2006 డిసెంబరులో పరీక్షను అర్ధంతరంగా ఆపేశారు. 2012లో జన్యువుల లెక్క వేసి చూస్తే, పుట్టుకతో హెచ్.డి.ఎల్. ఎక్కువుండేట్టు చేసే ఒక జన్యుభేదం గుండెపోటును తగ్గించటం లేదని తేలింది. అంటే రక్తంలో ఒక అంకె జబ్బుతోపాటు కనిపించినంత మాత్రాన అదే జబ్బుకు మూలం కాదు. ఈ పద్ధతి గొప్పతనం అక్కడుంది. దాన్ని నేను తక్కువ చెయ్యను.

మరి దవడ నొప్పి విషయంలో అది చెప్పేదెంత? నాకు అర్థమైనంతవరకు నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది లెక్క. 1,091కి 309 కలిపితే 1,400. ఒక్కొక్కదాన్ని దవడ నొప్పితో జతచేసి చూస్తే 1,400 పరీక్షలు. నూటికి 5 పొరపాట్లకు ఒప్పుకునే మామూలు గీత పెట్టుకుంటే, నిజంగా ఏ సంబంధమూ లేకపోయినా 70 పదార్థాలు సంబంధమున్నట్టే కనిపిస్తాయి. ఈ సంగతి పరిశోధకులకు తెలుసు. అందుకే గీతను ఇంకా కిందికి దించుతారు. కాని దించిన గీత దాటలేని పేర్లు కూడా ‘సూచనప్రాయంగా’ అంటూ పట్టికల్లోకి ఎక్కటం మామూలే. పట్టికలో ఉన్నది సూచనా, నిజమా అన్నది వ్యాసంలో చదివితే తెలుస్తుంది, శీర్షికలో తెలియదు.

రెండోది, ఒకే జన్యువు చాలా పనులు చేస్తుంది. ఒకే కాలవ రెండు చేలకు పారినట్టు, ఆ జన్యువు రక్తంలో పదార్థాన్ని మార్చవచ్చు, వేరే దారిన నొప్పినీ మార్చవచ్చు. అప్పుడు ఆ పదార్థం మీద నేరం మోపటం అన్యాయం. దీన్ని పట్టటానికి లెక్కలున్నాయి గాని, అన్నిసార్లూ పట్టుబడదు.

మూడోది, ఎవరి రక్తం? దవడ కీలు జబ్బు వివరాల కోసం ఇట్లాంటి పరిశోధనలు ఎక్కువగా ఫిన్లాండ్ మీద ఆధారపడతాయి. ఆ దేశంలో 2017లో మొదలైన ఫిన్‌జెన్ పథకంలో సుమారు 5 లక్షల మంది జన్యు వివరాలున్నాయి, వాటికి ఆస్పత్రి రికార్డులు జోడించారు. దేశం మొత్తం జనాభా 56 లక్షలంటే, ఎంత గొప్ప పనో ఆలోచించండి. కాని ఆస్పత్రి రికార్డుకెక్కినవాడే అక్కడ రోగి. ఆరెంపీ దగ్గర ఆగిపోయినవాళ్ళు, చెవిలో నూనె పోసుకున్నవాళ్ళు ఏ రికార్డులోనూ ఉండరు. మా అమ్మ లాంటి మనిషి ఆ లెక్కలో ‘జబ్బు లేనివాళ్ళ’ వైపు పడుతుంది. తిండి వేరు, జన్యువుల పొందిక వేరు. ఫిన్లాండ్ రక్తం చెప్పిన సాక్ష్యం పల్నాడు రక్తానికి ఎంతవరకు వర్తిస్తుందో ఇక్కడ చూసి తేల్చుకోవలసిందే.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. నిజంగా జన్యువుల పాత్ర ఉందనుకున్నా, అది ఎంత? 2005లో నార్త్ కరోలినా పరిశోధకులు 202 మంది ఆరోగ్యంగా ఉన్న యువతులను మూడేళ్ళదాకా గమనించారు. అడ్రినలిన్ లాంటి పదార్థాలను విరగ్గొట్టే సి.ఓ.ఎం.టి. అనే ఎంజైము జన్యువు ఒక రకంగా ఉన్నవాళ్ళకు నొప్పి తక్కువ తెలుస్తుందనీ, దవడ కీలు బాధ వచ్చే అవకాశం తక్కువనీ చెప్పారు. అబ్బ, కీలకం దొరికిందనుకున్నారు. తర్వాత అమెరికాలోనే ఒపెరా అనే పెద్ద అధ్యయనంలో, బాధ లేని 2,737 మందిని ఏళ్ళ తరబడి గమనిస్తే 260 మందికి కొత్తగా వచ్చింది, అంటే ఏడాదికి నూటికి నలుగురు. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో ఏ ఒక్క జన్యువూ కథానాయకుడు కాలేదు. అంతకుముందే ఒంట్లో వేరేచోట నొప్పులుండటం, మొత్తంమీద ఆరోగ్యం బాగోకపోవడం, నిద్ర చెడటం, ఇవి ముందుకొచ్చాయి. 2012లో అమెరికాలోనే కవల ఆడవాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనంలో, దవడ నొప్పి విషయంలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాలో జన్యువుల పాలు నూటికి 27 అని లెక్కగట్టారు. తక్కిన 73 పాళ్ళు బతుకులో ఉంది.

పెద్దమ్మగారికి నా జవాబు ఇదే. ‘రక్తంలో ఉంది’ అని ఊళ్ళో అనే మాట వేరు, సైన్సు అనే మాట వేరు. ఊళ్ళో ఆ మాట అంటే కథ ముగిసిందని అర్థం. ఆ పిల్లకు కూడా తప్పదని అర్థం. సైన్సులో ఆ మాట అంటే వెతకటం మొదలైందని అర్థం. జన్యువు ఇక్కడ సాక్షి మాత్రమే. లక్షమందిలో ఒక పదార్థం తప్పు చేసిందా లేదా అని చెప్పటానికి పిలిచిన సాక్షి. మా అక్క మీద తీర్పు చెప్పటానికి దాన్ని ఎవరూ పిలవలేదు, అది చెప్పనూ లేదు.

ఇంతకీ నా అభిప్రాయం ఏమిటంటారా? మూడు ముక్కల్లో చెబుతాను.

ఒకటి. ఇట్లాంటి పరిశోధనను అడ్డం పెట్టుకుని రేపెవరైనా ‘మీ దవడ భవిష్యత్తు చెబుతాం, రక్తం ఇవ్వండి’ అని బోర్డు కడితే మనం మోసపోకూడదు. తొందరపాటు ఖరీదు ఎంతో దవడ కీలు రోగులకు బాగా తెలుసు. అమెరికాలో 1980ల్లో చెడిన బిళ్ళ స్థానంలో టెఫ్లాన్ పూత ఉన్న బిళ్ళలు ఎంతోమందికి అమర్చారు. అవి లోపల అరిగి ముక్కలై ఎముకనే తినేశాయి. 1990–91లో ప్రభుత్వం హెచ్చరించి వెనక్కి తీయించేసరికి ఎందరో దెబ్బతిన్నారు. మా అమ్మ రెండు పళ్ళతో బయటపడింది. తెలియని దాన్ని తెలిసినట్టు చేసే వైద్యం ఏ దేశంలోనైనా ఒకటే.

రెండు. మన రక్తం కూడా లెక్కలోకి రావాలి. "తిండికే కటకటగా ఉన్న దేశంలో జన్యువుల పరిశోధన ఎందుకురా, అది డబ్బున్న దేశాల సరదా" అని మా రూమ్మేటు నాతో వాదించాడు. ఆ మాటలో కొంత న్యాయముంది. కాని నేనొక ఉదాహరణ చెప్పాను. ఆపరేషనప్పుడు కండరాలు సడలటానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందును రక్తంలో ఉండే ఒక ఎంజైము కొద్ది నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆ ఎంజైము లోపం ఉన్నవాళ్ళకు గంటలతరబడి ఊపిరి ఆడని పరిస్థితి వస్తుంది. మన వైశ్యుల్లో ఈ లోపం ఇతరుల్లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడుతుందని మత్తుమందు డాక్టర్లకు తెలుసు. 2017లో హైదరాబాదు సి.సి.ఎం.బి. తంగరాజ్‌గారూ, హార్వర్డు శాస్త్రజ్ఞులూ కలిసి రాసిన వ్యాసంలో, తరతరాలుగా లోపలి సంబంధాలే చేసుకునే సమూహాల్లో ఇట్లాంటివి ఎందుకు పేరుకుంటాయో వివరించారు. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతాడు, ప్రాణం నిలుస్తుంది. ఇది ఫిన్లాండ్ రక్తం చూస్తే తెలిసేదా? జీనోమ్ ఇండియా పథకం కింద 10,000 మంది భారతీయుల జన్యు వివరాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. మంచి ఆరంభం. కాని రక్తమిచ్చేవాడికి, ఎందుకిస్తున్నాడో తెలుగులో చెప్పాలి. తేలిన ఫలితం కూడా తెలుగులో వాడి ఊరికి తిరిగి రావాలి. ఆ వివరం పెళ్ళిళ్ళ పేరయ్య చేతికి మాత్రం పోకూడదు!

మూడు. రక్తాన్ని అడిగే ముందు మనిషిని అడగాలి. చివరికి మా అమ్మను ఒక ప్రభుత్వ దంత ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడొక చిన్న వయసు డాక్టరమ్మ అమ్మ చెవుల ముందు వేళ్ళు పెట్టి నోరు తెరిపించింది, చెంపల మీది కండరాలు నొక్కి చూసింది. "పళ్ళ సంగతి కాదమ్మా, ఇది కీలూ కండరమూ. రాత్రిళ్ళు నిద్ర పడుతుందా?" అని అడిగింది. అంతే, మా అమ్మ ఏడ్చేసింది. మూడేళ్ళలో నిద్ర సంగతి ఆమెను అడిగిన మొదటి మనిషి ఆ డాక్టరమ్మ. చివరి భూముల వాళ్ళం గదా, నీళ్ళ వంతు ఏ అర్ధరాత్రో వస్తుంది. నాన్న లాంతరు పట్టుకుని మడవ దగ్గరికి పోతే ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ మేలుకునే ఉంటుంది, పళ్ళు బిగబట్టుకుని. అప్పు సంగతి సరేసరి. అదే కారణమని నేను తీర్మానించటం లేదు. నేనూ ఒక్క అమ్మను చూసి సిద్ధాంతం చేస్తే, ఆ 70 పేర్ల పట్టిక మాటే చేసినవాడినవుతాను. అడగవలసిన ప్రశ్న మాత్రం అది.

ఆ డాక్టరమ్మ చెప్పిన వైద్యానికి పెద్ద ఖర్చేం కాలేదు. కొన్నాళ్ళు మెత్తటి తిండి, వేడి కాపడం, పెద్దగా ఆవలించకుండా గడ్డం కింద చెయ్యి ఆనించుకోవడం, పళ్ళు కరుచుకోకుండా దవడ వదులుగా పెట్టుకునే అలవాటు, రోజుకు రెండుమూడుసార్లు చిన్న కసరత్తు. ఈ బాధ చాలామందిలో ఇట్లాంటి మామూలు వైద్యంతోనే తగ్గుతుందట. అమ్మకు నాలుగు నెలల్లో ముప్పాతిక వంతు తగ్గింది. ‘టక్కు’ శబ్దం ఇంకా వస్తూనే ఉంది. రానీండి, అది అన్నం తిననిస్తోంది. పీకిన పళ్ళు మాత్రం తిరిగిరావు.

కాబట్టి మన యూనియన్‌కు నాదొక మనవి. ఏటా మనం పెట్టే ఆరోగ్య శిబిరంలో బి.పి. చూస్తాం, చక్కెర చూస్తాం, రక్తం గ్రూపు కార్డులిస్తాం. వచ్చే ఏడు ఇంకో నాలుగు ప్రశ్నలు చేర్చండి. నమిలితే దవడ నొప్పా? నోరు పూర్తిగా తెరుచుకుంటుందా? ఎన్నాళ్ళనుంచి? నిద్ర ఎట్లా ఉంది? దంత కళాశాల విద్యార్థులను ఒక పూట పిలిస్తే వస్తారు. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళను అడిగి రాసుకుంటే, అది ఫిన్లాండ్ అంత గొప్పది కాకపోవచ్చు గాని మనదైన మొదటి లెక్క అవుతుంది. మెటబొలైట్లు కొలిచే యంత్రం మన కాలేజీలో లేదు. ప్రశ్న అడిగే నోరూ, రాసుకునే చెయ్యీ ఉన్నాయి గదా.

ఈ వ్యాసం అచ్చయ్యాక ఇంటికి తీసుకుపోయి మా అక్కకు చదివి వినిపిస్తాను. అద్దం ముందు నుంచి ఇవతలికి వస్తుందో రాదో తెలియదు. ఒక తమ్ముడు రాసినదానికంటే ఒక పెద్దమ్మ అన్న మాటకే బలమెక్కువ మన ఊళ్ళల్లో. అయినా రాయవలసింది రాశాను.

మిత్రులారా, మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరన్నా ఏ జబ్బు గురించైనా ‘అది వాళ్ళ రక్తంలోనే ఉందట’ అంటే ఊరుకోకండి. మర్యాదగానే మూడు ప్రశ్నలు అడగండి. ఏముంది? ఎంతుంది? ఎవరి రక్తంలో చూశారు?

— ఒక రైతు బిడ్డ,
బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం